లేని గడకర్ర

కొండకీ వాగుకీ నడుమ దిబ్బపాలెం అని ఒక పల్లె. అక్కడ మనుషులు లేరు, అందుకని పనులు కాస్త సజావుగానే జరిగేవి. చేను అందరికీ ఉమ్మడి, పాకలు ఎవరివి వాళ్ళవి. ఏటా మొక్కజొన్న వేసుకునేవాళ్ళు. పొత్తులు ముదిరి, అందరూ కలిసి విరిచే రోజు వచ్చేదాకా చేలో ఎవరూ కాలు పెట్టకూడదు. పెట్టినవాడు ఎంతటివాడైనా వాగు అవతలి బందెలదొడ్డికి పోవలసిందే.

బందెలదొడ్డి అంటే, చేను మేసిన పశువును పట్టి మూసే చోటు. చుట్టూ ముళ్ళకంచె, ఒకే ద్వారం, దానికి ఒక తడిక, తడిక తెరుచుకోకుండా అడ్డంగా ఒక గడకర్ర. కాపలాదారు భద్రయ్య అనే ఎలుగుబంటి. చెడ్డవాడు కాదు, అలాగని మంచివాడని ఎవరూ పొగిడింది లేదు. రోజూ పొద్దున్నే గడ తీసి, దాంతో గుంజ మీద టక్కున ఒక్క దెబ్బ కొట్టి, "బయటికి!" అనేవాడు. ఆ మాట వినపడ్డాకే లోపలివాళ్ళు మేతకు కదలాలి. ముందే కదిలినవాడి వీపు మీద ఆ గడే పడేది.

గంగులు అనే దున్నపోతు ఆ దొడ్డిలో చాలా కాలం ఉన్నాడు. వానలు ముఖం చాటేసిన ఏడాది, ఆకలికి ఆగలేక చేలో పడి ఒక మూలంతా మేసేశాడు. పట్టుకున్నప్పుడు అబద్ధం చెప్పలేదు. చెప్పడానికి వీల్లేకుండా నోటినిండా ఆకే ఉంది. అతను లోపల ఉండగా అతని కొట్టంలో గొర్రెలు సర్దుకున్నాయి. పాపం, అవీ కావాలని చేసింది కాదు. ఖాళీగా ఉంది కదా అనుకున్నాయి.

శిక్ష తీరింది. భద్రయ్య గంగుల్ని వెంటబెట్టుకుని వాగు దాటి పాలెం మొగలో నిలబడ్డాడు.

"వీడి లెక్క అయిపోయింది," అని కేకేశాడు. "ఆనవాయితీ తెలుసు కదా. పొద్దు గుంకేలోగా ఎవరో ఒకరు 'వీడికి నా నీడన చోటుంది' అనాలి. అనకపోతే నా వెంట వెనక్కి తీసుకుపోతాను. చోటు లేనివాడు తిరిగి తిరిగి చేను మీదే పడతాడు."

అంటే గంగులు విడుదలయ్యాడు గానీ, ఇంకా విడుదల కాలేదన్నమాట. ఈ ఆనవాయితీ పెట్టినవాళ్ళకు అది న్యాయంగానే తోచింది. వాళ్ళందరికీ పాకలున్నాయి.

అందరూ గుమిగూడారు. ముందుగా కోడిపెట్ట చిట్టెమ్మ మాట్లాడింది.

"గంగులన్న మీద నాకే కోపమూ లేదమ్మా. మంచివాడే. కానీ మాది చిన్నపిల్లలున్న గూడు. ఆయన గిట్టలు చూడండి, ఒక్కొక్కటి ఎంతుందో!"

"నా పాక పెద్దదే," అంది గాడిద, "కానీ అది సంసారులకే ఇవ్వాలని మా అమ్మ నియమం."

"మీ అమ్మ పోయి ఎన్నాళ్ళయింది?" అన్నాడు భద్రయ్య.

"నియమం ఉంది కదా."

గొర్రెలు నేల చూపులు చూశాయి. మేక నూకాలు తన పిల్లల్ని వెనక్కి నెట్టుకుంటూ, "ఆ పక్క పంచ ఉంది గానీ కారుతుందయ్యా," అని గొణిగింది. అది కారడం లేదు.

ఊరికి పెద్ద సింహాద్రి అనే ముసలి ఎద్దు. తగువొచ్చినప్పుడల్లా నెమరు వేసుకుంటూ అందరూ అలిసిపోయేదాకా ఆగడం అతని పద్ధతి. ఇప్పుడూ అదే పనిలో ఉన్నాడు. పొద్దు కొండ మీదికి దిగింది. గంగులు ఎవరినీ అడగలేదు. తల వంచుకుని, భద్రయ్య ఎటు నడిస్తే అటు నడవడానికి సిద్ధంగా నిలుచున్నాడు.

అప్పుడు వెనకనుంచి ఒక గొంతు వినపడింది. "సిగ్గుగా లేదూ మనకి?"

నక్క బుచ్చిలింగం. ముందుకు వచ్చి గంగులు పక్కన నిలబడ్డాడు.

"తప్పు చేశాడు, శిక్ష పడింది, అయిపోయింది. ఇంకా ఏడిపిస్తామా? చేను గట్టున నా కాపలా పాక ఉంది. ఎండ్రకాయలు ఏరుకు తినేవాణ్ణి, నాకంత పాకెందుకు? నేను వాగు ఒడ్డున బొరియలో పడుకుంటాను. భద్రయ్యా, రాసుకో! వీడికి నా నీడన చోటుంది!"

భద్రయ్యకు రాయడం రాదు. తల ఊపి వెళ్ళిపోయాడు. చిట్టెమ్మ కళ్ళు ఒత్తుకుంది. నక్క జాతిలో ఇంత దయ ఉందని ఎవరూ ఎరగరు. ఆ రాత్రంతా పాలెంలో బుచ్చిలింగాన్ని పొగడడమే సరిపోయింది. సగం పొగడ్త, చోటివ్వాల్సిన బాధ తమకు తప్పిందన్న సంబరం.

అసలు సంగతి ఇది. బుచ్చిలింగానికి మొక్కజొన్నంటే ప్రాణం. పాలుపట్టిన లేత పొత్తులైతే మరీను. తను ఎండ్రకాయలు తప్ప ముట్టనని పాలెం నమ్మింది, అతను నమ్మించాడు; చేను కాపలా కూడా అందుకే అతనికి దక్కింది. అయినా పొత్తులు పోతే ఎవడో ఒకడి మీద నేరం పడాలి కదా. ఆ ఒకడు ఒకసారి పట్టుబడ్డవాడైతే, పైగా చేను గట్టునే కాపురముంటే, ఇక విచారణ కూడా అక్కర్లేదు.

మర్నాడు పొద్దెక్కింది. నూకాలు పిల్లల్ని మేపుకుంటూ కాపలా పాక పక్కగా వెళ్తోంది. పాకకు తడిక ఉంది గానీ అది గోడకు ఆనించి ఉంది. ద్వారం బార్లా తెరిచి ఉంది. గంగులు గడప లోపల నిలబడి బయటి గడ్డి వైపు చూస్తున్నాడు. నోట్లోంచి చొంగ కారుతోంది.

"ఏం గంగులన్నా, మేతకు పోలేదూ?"

"పోవాలి."

"ఒంట్లో బాగులేదా?"

"బాగానే ఉంది నూకాలమ్మా. గడ ఎవరూ తియ్యలేదు."

నూకాలు ద్వారాన్ని పైకీ కిందికీ చూసింది. "గడేదీ? ఇక్కడ గడ లేదు కదయ్యా!"

"తెలుసు."

"మరి?"

"తెలుసు గానీ, కాలు లేవడం లేదు. గడప దాటబోతే వీపు జలదరిస్తోంది." చెబుతూంటేనే అతని చెవులు వేలాడిపోయాయి. "నవ్వొస్తే నవ్వుకో. ఎవరికీ చెప్పకు. దున్నపోతు ఉత్త గాలికి భయపడుతోందంటే ఇంక నాకేం మిగులుతుంది?"

నూకాలుకు నవ్వు రాలేదు. నిన్న తను పంచ కారుతుందన్న మాట గుర్తొచ్చింది. ఏం చెయ్యాలో తోచక, తన కొమ్ముతో ద్వారం గుంజ మీద టక్కున కొట్టి, "బయటికి!" అంది. గంగులు ఒక్క అంగలో గడప దాటాడు.

అప్పట్నుంచి అది నూకాలుకు రోజువారీ పనైంది. పొద్దున్నే గుంజ కొట్టేది, గంగులు వాగొడ్డుకు పోయి మేసేవాడు. దొడ్డిలో ఎండ ముదరక ముందే భద్రయ్య లోపలికి తోలేవాడు, అందుకని ఎండ ముదరక ముందే తనంతట తనే పాకకు వచ్చేసేవాడు. ఇక మర్నాటి దాకా బయటికి రావడం అతని వల్ల అయ్యేది కాదు. మేక పిల్లలు మధ్యాహ్నాలు అతని పొట్ట నీడన పడుకోవడం మొదలుపెట్టాయి. గిట్టలు పెద్దవే గానీ, వాటిని ఎక్కడ పెట్టాలో అతనికి బాగా తెలుసు.

చేలో పొత్తులు పాలుపట్టాయి. మధ్యాహ్నం పాలెమంతా చెట్ల నీడన కునుకు తీసే వేళ, బుచ్చిలింగం చేలో పని చక్కబెట్టుకునేవాడు. తిన్నంత తిని, తొక్కలన్నీ తెచ్చి కాపలా పాక వెనక పడేసేవాడు. కొన్నాళ్ళకు చేను ఆ మూల బోసిపోయింది. గాడిద మొదట చూసి, చేతనైనంత గట్టిగా ఓండ్రపెట్టింది.

మళ్ళీ అందరూ గుమిగూడారు. ఈసారి పాక ముందే.

"నేను అప్పుడే అన్నాను!" అంది చిట్టెమ్మ. ఆమె అప్పుడు ఆ మాట అనలేదు.

"ఇంత పెద్ద పొట్ట ఎక్కడికి పోతుంది?" అంది గాడిద.

బుచ్చిలింగం తల పట్టుకుని కూలబడ్డాడు. "నా కడుపు రగిలిపోతోంది పెద్దయ్యా. నమ్మి పాకిచ్చాను. నిన్న మధ్యాహ్నం నా కళ్ళారా చూశాను. ఈ ద్వారంలోంచి మెల్లగా వచ్చాడు, అటూ ఇటూ చూశాడు, చేలో దూరాడు. చెబితే ఎక్కడ వెనక్కి పంపేస్తారోనని నోరు నొక్కుకున్నాను. ఇక నావల్ల కాదు. నా నీడ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

సింహాద్రి నెమరు ఆపాడు. అంటే పని ముదిరిందన్నమాట. "ఏరా గంగులూ, ఏమంటావు?"

గంగులు తల వంచుకున్నాడు. దొడ్డిలో నిందకు ఎదురు చెబితే శిక్ష రెట్టింపు. అక్కడ నేర్చుకున్న పాఠాల్లో అదొకటి. "మీరెలా అంటే అలాగే పెద్దయ్యా," అన్నాడు.

"చూశారా, కాదనడం లేదు!" అన్నాడు బుచ్చిలింగం.

నూకాలు పాక వెనక్కి వెళ్ళి ఒక తొక్క నోట కరుచుకు వచ్చింది. "దున్నపోతు పొత్తు ఒలుచుకు తింటుందా? తొక్కతో సహా నమిలేస్తుంది కదా!"

"దొడ్డిలో నాజూకు నేర్చుకుని ఉంటాడమ్మా," అన్నాడు బుచ్చిలింగం తడుముకోకుండా. చాలామంది తలలూపారు. దొడ్డిలో ఏం నేర్పుతారో ఎవరికి తెలుసు?

నూకాలుకు అంతా తెలిసిపోయింది. చెప్పేస్తే ఒక్క ముక్కలో తేలిపోతుంది. గంగులు వైపు చూసింది. అతను ఆమె వైపే చూస్తున్నాడు, చెప్పొద్దన్నట్టు. దొడ్డికైనా పోతాడు గానీ, పది మందిలో ఆ మాట వినలేడు. ఇలాంటి పౌరుషాన్ని ఏమనాలో నాకు తెలియదు. నూకాలు మాత్రం మనసులో ఒక మాట అనుకుంది, అది పిల్లల ముందు అనకూడనిది.

"సరే పెద్దయ్యా," అంది పైకి. "ఒక్క పూట ఆగండి. బుచ్చిలింగం మధ్యాహ్నం అంటున్నాడు కదా, ఇవాళ మధ్యాహ్నమే చూద్దాం. పాక ముందు లేత పొత్తులు కుప్ప పోయండి. ఎవరి నీడకు వాళ్ళు పోదాం. గంగులు బయటికొచ్చి మూతి పెడితే, నేనే దగ్గరుండి దొడ్డిలో దిగబెట్టి వస్తాను."

"పెట్టకపోతే?" అన్నాడు సింహాద్రి.

"పెట్టకపోతే అప్పుడు ఆలోచిద్దాం."

బుచ్చిలింగం లోలోపల గెంతేశాడు. ఆకలిగొన్న దున్నపోతు, ముక్కు కింద లేత పొత్తులు, చుట్టూ ఎవరూ లేరు. "నూకాలమ్మ మాట బాగుంది. అన్యాయం జరక్కూడదు," అన్నాడు.

కుప్ప పోశారు. ఎండ ముదిరింది. అందరూ నీడలకు చేరారు. సింహాద్రిని మాత్రం నూకాలు పాక వెనకకు తీసుకుపోయి, తాటాకుల చాటున నిలబెట్టింది. బుచ్చిలింగం దూరంగా తుప్పలో దూరి ద్వారం వైపే చూస్తున్నాడు.

గంగులు గడప లోపల నిలబడ్డాడు. చొంగ కారుతోంది. కుప్ప అతని ముట్టెకు మూరెడు దూరం. అతను రాలేదు.

పొద్దు వాలడం మొదలైంది. బుచ్చిలింగానికి ఒళ్ళు మండింది. మెల్లగా తుప్పలోంచి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"ఏం గంగులూ, ఆకలెయ్యడం లేదూ?"

"వేస్తోంది."

"తినరాదూ? ఎవరూ లేరు. అందరూ గురకలు పెడుతున్నారు."

"తినాలనే ఉంది."

"మరి రావేం?"

"గడ తియ్యాలి కదా," అన్నాడు గంగులు. ఈ మాట నక్కకు చెప్పడం అతనికి ఎందుకో అంత సిగ్గనిపించలేదు.

బుచ్చిలింగం ద్వారం చూశాడు, గంగుల్ని చూశాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు. "లేని గడ ఎవడు తీస్తాడురా పిచ్చోడా!"

నవ్వు ఆగాక భయమేసింది. కుప్ప కుప్పలాగే ఉంటే తను చూశానన్నది అబద్ధమవుతుంది. గంగులు తిన్నాడనిపించాలి. అటూ ఇటూ చూశాడు. మెల్లగా రెండు పొత్తులు నోట కరుచుకుని పాకలో దూరి, గంగులు కాళ్ళ దగ్గర పడేశాడు. మళ్ళీ వచ్చి ఇంకో రెండు పట్టుకుపోయాడు. ఇక్కడితో ఆగితే బాగుండేది. కానీ పాలుపట్టిన పొత్తు పళ్ళ మధ్య ఉంది, వాసన ముక్కుకు తగులుతోంది. లోపల కూర్చుని ఒకటి ఒలిచాడు.

బయట ఏదో ఈడ్చిన చప్పుడైంది. సింహాద్రి కొమ్ముతో తడికను నెట్టి ద్వారానికి మూశాడు. నూకాలు తన పాకకు వేసుకునే గడకర్రను తెచ్చి అడ్డంగా పడేసింది.

"అదేంటి? ఎవరది?" బుచ్చిలింగం తడిక మీద పడ్డాడు. గడ కదల్లేదు. "తియ్యండి! నేను... వాడు తింటున్నాడేమోనని చూడ్డానికి వచ్చాను!"

"నోట్లోది మింగి చెప్పు," అన్నాడు సింహాద్రి బయటినుంచి.

పాలెమంతా పరుగెత్తుకొచ్చింది. తడిక సందుల్లోంచి ఒక్కొక్కరూ చూశారు. నక్క మీసాలకు అంటిన పొత్తు పీచు, ఒలిచిన తొక్కలు, పక్కనే గంగులు. లోపల బుచ్చిలింగం పిచ్చెత్తినట్టు తిరుగుతున్నాడు. తడికను నెట్టాడు, గీరాడు, కొరికాడు. ఊపిరాడటం లేదని అరిచాడు.

"నెట్టకు బుచ్చిలింగం," అన్నాడు గంగులు నెమ్మదిగా. "మొదట్లో అందరూ నెడతారు. తర్వాత అలవాటవుతుంది."

సాయంత్రానికి భద్రయ్య వచ్చాడు. తడిక తీసి నక్క మెడ పట్టుకున్నాడు. ఆ తర్వాత లోపలికి చూసి, "నువ్వూ పద గంగులూ. నీకు చోటిచ్చినవాడే దొడ్డికి పోతున్నాడు, ఇక నీకు నీడేదీ?" అన్నాడు.

అందరూ గతుక్కుమన్నారు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

"దొంగ కాదని తేలింది, చాలా సంతోషం," అంది చిట్టెమ్మ. "కాకపోతే మా గూడు..."

"నియమం..." అంది గాడిద.

నూకాలుకు చిర్రెత్తుకొచ్చింది. "చాల్లెండి మీ గూళ్ళూ, మీ నియమాలూ! నా పంచ ఉంది. అది కారదు. ఆ రోజు నేనే అబద్ధమాడాను. భద్రయ్యా, ఇతనికి నా నీడన చోటుంది."

భద్రయ్య తల ఊపాడు. తడిక తెరిచే ఉంది, అందరూ చూస్తున్నారు. గంగులు గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. నూకాలు ఏమీ వివరించకుండా వెళ్ళి కొమ్ముతో గుంజ మీద టక్కున కొట్టింది. "బయటికి!" గంగులు బయటికి వచ్చాడు. అప్పుడు అర్థమైంది పాలేనికి. ఎవరూ నవ్వలేదు. గొర్రెలు మాత్రం, అతని కొట్టంలో తాము సర్దుకున్న సంగతి గుర్తొచ్చి, ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి.

తర్వాతి పంటకు కాపలా పనీ, కాపలా పాకా గంగులుకే అప్పగించారు. ఆ ఏడాది ఒకరోజు నూకాలు పిల్లకు జ్వరం వచ్చి పొద్దున్నే రాలేకపోయింది. పరుగున వచ్చేసరికి గంగులు వాగొడ్డున మేస్తున్నాడు. అతను తల ఎత్తలేదు. ఆమె ఇంటికి వెళ్ళి కాసేపు ఏడ్చుకుంది.

బుచ్చిలింగం శిక్షా తీరింది. భద్రయ్య అతన్ని పాలెం మొగలో నిలబెట్టి, పాత కేకే వేశాడు. నక్క బక్కచిక్కిపోయాడు. ఒకప్పుడు అంత మాటకారి, ఇప్పుడు నోరు విప్పడం లేదు. చిట్టెమ్మకు పిల్లలున్నారు, గాడిదకు నియమం ఉంది. పొద్దు కొండ మీదికి దిగింది.

"వాడికి నా నీడన చోటుంది," అన్నాడు గంగులు.

"నీకు మతిపోయిందా?" అన్నాడు సింహాద్రి.

"చేనుకు నేను కాపలా ఉన్నాను కదా పెద్దయ్యా. దొంగ నా పక్కనే పడుకుంటే నాకు తిరుగుడు తప్పుతుంది."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఆ పని జరిగిపోయింది.

మర్నాడు గంగులు పొద్దున్నే మేతకు పోయి, ఎండ ఎక్కాక తిరిగొచ్చాడు. ద్వారం బార్లా తెరిచే ఉంది. బుచ్చిలింగం గడప లోపల నిలబడి వాగు వైపు చూస్తున్నాడు. వాగొడ్డున ఎండ్రకాయలు కళ్ళ ముందే తిరుగుతున్నాయి. ఒక కాలు ఎత్తాడు, మళ్ళీ దించుకున్నాడు. గంగుల్ని చూసి ముఖం పక్కకు తిప్పుకుని, "నవ్వకు," అన్నాడు.

గంగులు నవ్వలేదు. కొమ్ముతో గుంజ మీద టక్కున కొట్టాడు.

"బయటికి."

నీతి కావాలన్నవాళ్ళకు ఒక్క ముక్క: లేని గడను లోపలివాడు తీసుకోలేడు, బయటినుంచి ఎవరో తియ్యాలి.